వివాదాస్పద నవలలు తెరకెక్కినప్పుడు: ‘ద డావిన్సీ కోడ్’, ‘ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’ – ఒక పరిశీలన

2006 జూన్‌లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘ద డావిన్సీ కోడ్’ చలనచిత్ర ప్రదర్శనను నిషేధించినప్పుడు మన సంఘములలో అనేకులు దేవునికి స్తోత్రములు చెల్లించారు. అదే నెలలో రాష్ట్ర హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసింది. నిషేధము కోరుతూ మా ప్రాంతపు కాపరులు తయారుచేసిన వినతిపత్రముపై సంతకము చేసినవారిలో మేమూ ఉన్నాము. అప్పటికి మేము ఆ చిత్రమును చూడలేదు, నవలను చదవలేదు. ఈ సంగతిని దాచి ఈ వ్యాసము వ్రాయడము న్యాయము కాదు గనుక మొదటనే చెబుతున్నాము.

డాన్ బ్రౌన్ నవల 2003లోనే వెలువడింది. మూడు సంవత్సరములు అది హైదరాబాదు పుస్తకాల దుకాణాలలో అమ్ముడుపోతూనే ఉన్నది. మా ప్రాంతములో ఎవరూ దానిమీద వినతిపత్రము వ్రాయలేదు. సినిమా వస్తున్నదనగానే వ్రాశాము. పుస్తకము చదివేవారు కొందరు, సినిమా చూసేవారు అనేకులు అన్నది ఇందుకు ఒక కారణము కావచ్చును. అయితే మనము అడగవలసిన ప్రశ్నను అప్పుడు అడగలేదు: నవలలో ఉన్న బోధయే సినిమాలోనూ ఉన్నదా?

ఈ ప్రశ్నను మాకు నేర్పినది మా సంఘములోని ఒక ఇంజనీరింగు విద్యార్థిని. హాస్టలులో స్నేహితురాళ్లతో కలిసి ఆ సినిమాను సీడీలో చూసి, ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత “అయ్యగారూ, ఒక సందేహమండీ” అంటూ వచ్చింది. మేము అప్పటికే ఇంగ్లీషు కరపత్రములు రెండు మూడు చదివి సిద్ధపడి ఉన్నాము. కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రీ.శ. 325లో నైసియా సభను సమకూర్చి యేసును దేవునిగా చేశాడనుట అబద్ధమని, దాదాపు 300 మంది బిషప్పులలో విశ్వాస ప్రమాణముపై సంతకము చేయ నిరాకరించినవారు ఇద్దరేనని, అంతకు రెండు శతాబ్దములకు ముందే రోమా అధికారియైన ప్లినీ, క్రైస్తవులు క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తించుచున్నారని చక్రవర్తికి వ్రాశాడని వివరించాము. ఆ అమ్మాయి ఓపికగా విన్నది. విని, “ఆ సంగతి సినిమాలో హీరోనే చెప్తాడు కదండీ” అన్నది. తరువాత, “మరి చివర్లో మరియమ్మ సమాధి చూపించారు కదండీ, దాని సంగతి చెప్పండి” అని అడిగింది.

ఆ సమాధి సంగతి మాకు తెలియదు. మేము నేర్చుకున్న జవాబులన్నీ నవలకు జవాబులు. ఆ అమ్మాయి చూసినది మరొకటి.

నవలకు, సినిమాకు మధ్య దూరము

తరువాత రెంటినీ దగ్గర పెట్టుకొని పరిశీలించాము. నవల మొదటి పుటకు ముందే ‘వాస్తవము’ అనే శీర్షికతో ఒక పుట ఉన్నది. 1099లో స్థాపింపబడిన ‘ప్రయరీ ఆఫ్ సియోను’ అనే రహస్య సంఘము నిజముగా ఉన్నదని, నవలలో వర్ణించిన కళాఖండములు, పత్రములు, కట్టడములు, రహస్య ఆచారములు యథార్థమైనవని రచయిత ఆ పుటలో తన సొంత గొంతుతో చెబుతాడు. (ఆ సంఘమును 1956లో పియర్ ప్లాంటార్ అనే ఫ్రెంచివాడు రిజిస్టరు చేయించాడని, ప్రాచీన చరిత్ర అంతయు కల్పితమని చాలాకాలము క్రిందటనే తేలిపోయింది.) కథలో పాత్రలు ఏమి చెప్పినా అది పాత్రల మాట. ఈ ఒక్క పుట మాత్రము రచయిత మాట. నవలమీద మనకున్న అసలు అభ్యంతరము ఇక్కడ ఉండవలసినది.

సినిమాలో ఆ పుట లేదు. పైగా మన దేశములో సెన్సారు బోర్డు పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్టు ఇచ్చి, ఇది కల్పితమని తెలిపే ప్రకటనను చేర్చవలెనని షరతు పెట్టింది. మరొక గొప్ప మార్పు కూడా ఉన్నది. నవలలో లీ టీబింగ్ ఇంటి హాలులో టీబింగ్, లాంగ్డన్ ఇద్దరూ కలిసి సోఫీకి పాఠము చెబుతారు. ఇద్దరు పండితులు, ఒక విద్యార్థిని. ఒకరు ఆపినచోట మరొకరు అందుకుంటారు. పాఠకుడు సోఫీ పక్కన కూర్చున్నవాడే గనుక ఎదురాడుటకు అతనికి తోడు ఎవరూ లేరు. దర్శకుడు రాన్ హోవార్డ్, స్క్రీన్‌ప్లే రచయిత అకీవా గోల్డ్స్‌మన్ ఈ పాఠమును వాదముగా మార్చారు. సినిమాలోని లాంగ్డన్ టీబింగ్‌ను అడ్డుకుంటాడు. యేసు దైవత్వమును కాన్‌స్టంటైన్ పుట్టించలేదని, అప్పటికే వ్యాపించియున్న విశ్వాసమునకు ఆమోదము తెలిపాడని అంటాడు. చిన్ననాడు బావిలో పడినప్పుడు యేసుకు ప్రార్థన చేసుకున్నానని కూడా సోఫీతో చెబుతాడు. నవలలో బావి ఉన్నది, ఆ ప్రార్థన లేదు.

కథ ముగింపులోనూ ఇదే ధోరణి. నవలలో సోఫీకి అమ్మమ్మ, తమ్ముడు బ్రతికియుండి స్కాట్లాండులోని రోస్లిన్‌లో కలుసుకుంటారు. వంశము ఒక కుటుంబముగా కనిపిస్తుంది. సినిమాలో తమ్ముడు లేడు. సోఫీ ఒక్కతే మిగిలిన వారసురాలు. ఆమె నీటిమీద కాలు పెట్టి చూసి, మునిగిపోగా తనలో తానే నవ్వుకుంటుంది. దైవత్వముపై ఉన్న వివాదమునంతటిని ఒక చిన్న హాస్యముతో దాటవేయడమన్నమాట.

ఈ మార్పులను చూసి, సినిమా నవలకన్న మెత్తబడినదని చాలామంది సమీక్షకులు వ్రాశారు. నిర్మాతలు సంఘములకు భయపడి పదును తగ్గించారని వారి భావము. మేము దీనితో సగము మాత్రమే ఏకీభవిస్తాము. క్రీస్తును గూర్చి మెత్తబడిన ఈ చిత్రము సంఘమును గూర్చి గట్టిపడింది. నవలలో బిషప్ అరింగరోసా మోసపోయినవాడు. చివరికి పశ్చాత్తాపపడి, తన చేతిలోని ధనమును హతుల కుటుంబములకు ఇవ్వమంటాడు. అక్కడ కుట్ర అంతయు టీబింగ్ ఒక్కనిదే. సినిమాలో సంఘాధికారుల రహస్య సభ ఒకటి కొత్తగా కల్పించి, బిషప్పును అందులో కూర్చోబెట్టారు. కథలో ఎవరిని నిర్దోషిగా విడిచిపెట్టారో సినిమా వారినే దోషిగా నిలబెట్టింది. మన కరపత్రములలో ఒక్కటి కూడా దీనిని గమనించలేదు. రోమను కతోలికుల సంగతి మనకెందుకని గమనించలేదో, చూడలేదు గనుక గమనించలేదో చెప్పలేము.

‘అట’ లేని భాష

మాటలలో ఇంత వెనుకకు తగ్గిన సినిమా ఆ అమ్మాయి మనస్సులో నవలకన్న గట్టిగా ఎందుకు నాటుకున్నది? తెలుగులో మనకు ‘అట’ అనే చిన్న మాట ఉన్నది. “ఆయన ఊరికి వెళ్లాడు” అనుటకు, “ఆయన ఊరికి వెళ్లాడట” అనుటకు మధ్య ఉన్న తేడా పల్లెటూరి పిల్లవానికైనా తెలుసును. రెండవ వాక్యములో చెప్పేవాడు బాధ్యత తీసుకొనుట లేదు. నవలలో మగ్దలేనే మరియ ఫ్రాన్సు దేశమునకు పారిపోయినదనుట టీబింగ్ నోటి మాట. దానికి కొటేషను గుర్తులున్నాయి. అనగా ‘అట’ ఉన్నది. చదివేవాడు ఆగి, పుట వెనుకకు త్రిప్పి, ‘ఇతడు చెబుతున్నాడు సరే, నిజమేనా’ అనుకొనవచ్చును.

కెమెరాకు ‘అట’ లేదు. సినిమాలో టీబింగ్ మాట్లాడుతుండగా తెరమీద ప్రాచీన రోమా వీధులలో కొట్లాటలు, నైసియా సభలో కేకలు వేసే బిషప్పులు, తప్పించుకొని పోయే మరియ కనబడతారు. రంగు వెలిసిన ఆ దృశ్యములు పాత డాక్యుమెంటరీలవలె ఉంటాయి. లాంగ్డన్ కాదంటాడు. టీబింగ్ వాదనకు దృశ్యములున్నాయి. లాంగ్డన్ అభ్యంతరమునకు మాటలే ఉన్నాయి. హాస్టలు గదిలో ఆరుగురు కూర్చొని చూసిన సినిమాలో మాటలు ఎన్ని జ్ఞాపకముంటాయి?

ఇక ఆ సమాధి సంగతి. నవల చివర లాంగ్డన్ పారిసులోని లూవ్రు మ్యూజియము దగ్గర, తలక్రిందులుగా ఉన్న గాజు పిరమిడు చెంత మోకరిస్తాడు. క్రింద మరియ సమాధి ఉన్నదని అతడు ఊహిస్తాడు. ఒక స్త్రీ స్వరము విన్నట్లు అతనికి తోస్తుంది. అంతే. అది అతని మనస్సులోని సంగతి; ‘అట’ చివరి వాక్యము వరకు నిలిచియున్నది. సినిమాలోనూ లాంగ్డన్ మోకరిస్తాడు. అక్కడితో ఆగక కెమెరా గాజును, రాతిని దాటి భూమి లోపలికి దిగి, శవపేటికను చూపిస్తుంది. ఆ పేటికను లాంగ్డన్ చూడలేదు. కథలోని మరే పాత్రయు ఆ క్షణమున అక్కడ లేదు. చూసినది ప్రేక్షకుడు ఒక్కడే. అయితే ఈ సంగతిని మనకు చెప్పినవారెవరు? పాత్ర కాదు గనుక, ఆ మాట సినిమాదే. మొదట తీసివేసిన ‘వాస్తవము’ అనే పుటను చివరికి బొమ్మగా అతికించారు. మాటలలో లాంగ్డన్ చేత ఎన్ని సందేహములు పలికించినా, ఈ ఒక్క దృశ్యము వాటినన్నిటిని త్రోసివేసింది. నవలను ఖండించిన మా కరపత్రములలో ఈ దృశ్యమునకు జవాబు లేదు, ఎందుకంటే నవలలో ఈ దృశ్యమే లేదు.

బొమ్మకున్న ఈ శక్తిని అర్థము చేసికొనుటకు మనము పారిసు వరకు పోనక్కరలేదు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ మన గ్రామములలో ఎన్ని రాత్రులు, ఎన్ని తెల్లని దుప్పట్లమీద ఆడినదో పాఠకులకు తెలుసును. ఈనాటికీ మన పెద్దలలో అనేకులు కన్నులు మూసికొని ప్రార్థించునప్పుడు వారికి కనబడే ముఖము విజయచందర్‌ది. సువార్తలలో యేసు ముఖవర్ణన లేదని మనము పాఠములో చెబుతాము. ఆ మాట బొమ్మను చెరిపివేయలేదు. సువార్త ప్రకటనకు ఆ బొమ్మను సంతోషముగా వాడుకున్న మనము, మరొకరి బొమ్మ అంతే బలముగా పనిచేసినప్పుడు ఆశ్చర్యపోవుట వింతగా ఉన్నది.

ఒక కేకలోని రెండు సగములు

రెండవ ఉదాహరణ ఇంతకన్న కష్టమైనది, ఎందుకంటే దాని మూలము మంచి సాహిత్యము. డాన్ బ్రౌన్ నవలను రైలులో చదివి సీటుమీద విడిచిపెట్టవచ్చును. నీకోస్ కజాంజాకిస్ (1883–1957) నవలను అట్లు విడిచిపెట్టలేము. క్రేతు ద్వీపములో పుట్టి, పారిసులో బెర్గ్‌సన్ ఉపన్యాసములు విని, నీచేను చదివి, బ్రతికినంతకాలము క్రీస్తుతో పెనుగులాడిన మనిషి ఆయన. ‘చివరి శోధన’ను వాతికను 1954లో నిషిద్ధ గ్రంథముల పట్టికలో చేర్చింది, గ్రీకులో అది 1955లో వెలువడింది. మార్టిన్ స్కోర్సేసీ దానిని 1988లో చలనచిత్రముగా తీశాడు. స్కోర్సేసీ యౌవనములో కతోలికు గురువు కావలెనని కొంతకాలము సెమినరీలో చదివినవాడు. స్క్రీన్‌ప్లే వ్రాసిన పాల్ ష్రేడర్ కఠినమైన కాల్విను సంప్రదాయములో పెరిగినవాడు. క్యాంపస్ క్రూసేడ్ స్థాపకుడు బిల్ బ్రైట్, ప్రతులను నాశనము చేసే పక్షమున ఖర్చంతయు తిరిగి చెల్లిస్తామని స్టూడియోవారికి ప్రతిపాదించాడు. లూకా సువార్త ఆధారముగా 1979లో వచ్చిన, తెలుగులో కూడా మన పల్లెలకు చేరిన ‘యేసు’ చిత్రము వెనుక ఉన్నది ఆయన సంస్థయే. బొమ్మ ఏమి చేయగలదో ఆయనకు తెలుసును. అదే 1988 అక్టోబరులో పారిసులో ఈ చిత్రము ఆడుతున్న సినిమాహాలుకు నిప్పు పెట్టగా పలువురు గాయపడ్డారు.

ఈ కోపమంతయు ఒక భాగము గురించి: సిలువమీద ఉన్న యేసు దిగివచ్చి, పెండ్లి చేసికొని, పిల్లలను కని, ముసలివాడైనట్లు చూపే భాగము. నవలలో ఇది స్వప్నము, శోధకుడు పన్నిన వల. అయితే అది స్వప్నమని కజాంజాకిస్ ఎట్లు తెలిపాడన్నదే ముఖ్యము. సిలువమీద యేసు వేసిన నాలుగు మాటల కేకను మనమందరము ఎరుగుదుము. నవలలో మొదటి రెండు మాటలు పలుకగానే ఆయన మూర్ఛిల్లుతాడు. అక్కడ దూత వస్తాడు, పెండ్లి జరుగుతుంది, ఏండ్లు గడుస్తాయి, జుట్టు నెరుస్తుంది. అదంతయు అయిన తరువాత ఆయన కన్నులు తెరచి, మిగిలిన రెండు మాటలు పలుకుతాడు. ఒక కేక, రెండు సగములు, మధ్యలో ఒక జీవితకాలము. దానికి పట్టిన సమయము ఒక ఊపిరి. పుట త్రిప్పిన పాఠకునికి చివరికి తెలిసేది ఇది: ఆయన సిలువను ఒక్క క్షణమైనా విడిచిపెట్టలేదు.

సినిమాలో కేక ఇట్లు విడగొట్టబడలేదు. జనసమూహపు ధ్వని ఆగిపోతుంది, ఒక చిన్న పిల్ల రూపములో దూత వచ్చి ముళ్లకిరీటము తీస్తుంది, ఆయన దిగి నడుస్తాడు. నవలలోని రెక్కల దూతకు బదులు అమాయకమైన ముఖముగల బాలికను పెట్టడములో దర్శకుని ఉద్దేశము స్పష్టమే. సాతాను వెలుగుదూత వేషము వేసికొనునని పౌలు కొరింథీయులకు హెచ్చరించినది (2 కొరింథీ 11:14) ఇక్కడ చక్కగా కుదిరింది. ప్రేక్షకుడు మోసపోకపోతే అది శోధన ఎట్లగును? ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. అయినను అరగంటకు పైగా సాగిన ఆ దృశ్యములు ‘ఒక ఊపిరి’ అనే భావమును మ్రింగివేశాయి. నవలలో స్వప్నము కేక లోపల ఉన్నది; సినిమాలో అది కేకకు తరువాతి కథవలె ఉన్నది. ఇక్కడ కూడా ‘అట’ పోయింది.

అంతకన్న లోతైన మార్పు మరొకటి ఉన్నది. దానిని మేము మూడవసారి చూసినప్పుడు గాని గుర్తించలేదు. నవలలో యూదా, తక్కిన శిష్యులు వచ్చి ముసలివాడైన యేసును పిరికివాడవని, ద్రోహివని నిందిస్తారు. ఆ నింద భరించలేని స్థితిలో మెలకువ వస్తుంది. మెలకువ వచ్చి, తాను సిలువమీదనే ఉన్నానని గ్రహించి ఆయన సంతోషిస్తాడు. సినిమాలో నింద తరువాత ముసలియేసు పడక దిగి, ప్రాకుచు బయటకు వచ్చి, తండ్రికి ప్రార్థన చేస్తాడు. నిన్ను ఎదిరించినందుకు క్షమించుము, నన్ను తిరిగి చేర్చుకొనుము, విందు చేయుము, నేను సిలువ వేయబడి తిరిగి లేవగోరుచున్నాను అనే భావముగల ప్రార్థన అది. లూకా 15లోని తప్పిపోయిన కుమారుని ఉపమానము చదివిన ఎవరికైనా దాని మూలము తెలిసిపోతుంది.

మొదట మాకు ఈ ప్రార్థన నచ్చింది. నవలలో లేని సువార్త స్వరము, పునరుత్థానపు ప్రస్తావన ఇక్కడ ఉన్నాయి గదా అనుకున్నాము. బహుశా సంఘములో పెరిగిన ఇద్దరు మనుష్యులు తమకు తెలిసిన ప్రార్థనను తెలియకుండానే తమ కథానాయకుని నోట పెట్టారు. కాని ఆలోచించండి: తప్పిపోయిన కుమారుని ప్రార్థన చేయవలసినవాడు తప్పిపోయినవాడే. హెబ్రీ పత్రిక 4:15 ఆయన మనవలెనే సమస్త విషయములలో శోధింపబడెనని, అయినను పాపము లేనివాడని బోధిస్తుంది. నవలలోని యేసు మూర్ఛలో కన్న కలకు పశ్చాత్తాపపడవలసిన అవసరము లేదు; కల కనడము సమ్మతి కాదు. ఆ వాక్యములోని రెండు భాగములకు నవల చోటు మిగిల్చింది. సినిమా పశ్చాత్తాపమును చేర్చి, దానితోబాటు పాపమును కూడా చేర్చింది. పెండ్లి దృశ్యమును చూసి వీధికెక్కినవారు ఈ ప్రార్థన వద్ద ఒక్క మాట కూడా అనలేదు. వినుటకు అది భక్తిగా ఉన్నది మరి.

దీనివలన కజాంజాకిస్‌ను మేము సమర్థిస్తున్నామని అనుకొనవద్దు. ఆయన యేసు పోరాడి, పోరాడి దైవత్వమును సంపాదించుకొనే మనిషి. తన పుస్తకము జీవితచరిత్ర కాదని, పోరాడు ప్రతి మనిషి ఒప్పుకోలు అని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. వాక్యము శరీరధారియాయెనన్న యోహాను సాక్ష్యమునకు ఇది తలక్రిందులైన మార్గము. శరీరము వాక్యముగా మారుటకు పాకులాడుచున్నది. దత్తపుత్ర సిద్ధాంతమును తరగతిలో బోధించునప్పుడు ఈ నవలను ప్రక్కన పెట్టి బోధించవచ్చును. అయితే ఆ తప్పు నవలది. సినిమాకు వేరొక తప్పున్నది. ఒకదాని తప్పును మరొకదానిమీద మోపి ఖండించినప్పుడు, మన యువకులు వినయముగా తల ఊపి, ‘అయ్యగారు చూడలేదు’ అని బయటకు వెళ్లి చెప్పుకుంటారు.

ముగింపు దృశ్యమును గూర్చి ఒక మాట. నవల చివరి వాక్యములో, సమాప్తమైనదనే కేక అన్నియు ఆరంభమైనట్లే ఉన్నదన్న సూచన ఉన్నది. సినిమాలో యేసు అదే కేక వేసి తల వాల్చగానే తెరనిండ తెల్లని వెలుగు, రంగులు ఎగసిపడి, గంటలు మ్రోగుతాయి. చిత్రీకరణ సమయములో కెమెరాలోనికి పొరపాటున వెలుతురు జొరబడి ఫిల్ము పాడైనదని, దర్శకుడు దానిని తీసివేయక ఉంచాడని చెబుతారు. కొందరు క్రైస్తవ విమర్శకులు దానిని పునరుత్థానమునకు గుర్తుగా వ్యాఖ్యానించారు. మేము ఒప్పుకొనలేదు, ఫిల్ముకు తగిలిన వెలుతురును విశ్వాస ప్రమాణముగా చదువలేము. గంటల సంగతి మాత్రము మాకు ఇంకను తేలలేదు. అవి పొరపాటున మ్రోగినవి కావు.